పాత స్కార్పియోకి ఏ ఆయిల్ పోయాలి? ఇంజిన్ కంటే ముందు వెనక హౌసింగ్ చూడండి

బండి 2007 మోడల్ స్కార్పియో, 2.6 సీఆర్‌డీఈ టర్బో డీజిల్. ఊరు అంబాజీపేట దగ్గర, పని కొబ్బరి వ్యాపారం. అంటే బండి హైవే మీద పరుగెత్తేది తక్కువ. కాలువ గట్ల మీద, తోటల్లోకి వెళ్ళే పుంత దారుల్లో, కొబ్బరికాయల దింపు తీస్తున్నచోట ఇంజిన్ ఆపకుండా నిలబడి, మళ్ళీ రెండు కిలోమీటర్లు వెళ్ళి ఇంకో తోట దగ్గర ఆగడం. వర్షాకాలంలో లంక తోటలకు కాజ్‌వేల మీద నీళ్ళలో దిగి వెళ్ళడం. ఈ రివ్యూ ఇలాంటి వాడకం ఉన్నవాళ్ళకి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరిగే బండికి ఇందులో కొంత పనికిరాదు.

ముందే చెప్పేస్తాను. ఇంజిన్లో షెల్ రిములా ఆర్4 ఎక్స్ 15డబ్ల్యూ-40 పోయిస్తున్నాను, బాగుంది, మళ్ళీ అదే పోయిస్తాను. కానీ మనవైపు పాత బండ్లు ఉన్నవాళ్ళందరూ ఇంజిన్ ఆయిల్ గురించి పడే టెన్షన్‌లో సగమైనా మిగతా ఆయిళ్ళ గురించి పడటం లేదు. డెల్టాలో బండిని తినేది నీళ్ళు, తేమ, ఉప్పు. అవి ఇంజిన్లోకి అంత తేలిగ్గా పోవు. వెనక చక్రాలను తిప్పే గేర్లుండే హౌసింగ్‌లోకి, బ్రేక్ ఆయిల్లోకి, రేడియేటర్లోకి పోతాయి.

సరే, అందరూ అడిగేది ఇంజిన్ ఆయిలే కాబట్టి దాంతోనే మొదలుపెడదాం.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు పండక్కి వచ్చినప్పుడల్లా ఒకటే గోల. "మావయ్యా, ఇంకా ఆ మినరల్ ఆయిలేనా? ఫుల్లీ సింథటిక్ 5డబ్ల్యూ-30 పోయించు, బండి కొత్తదైపోతుంది." వాడిది కొత్త కాలుష్య నిబంధనల బీఎస్-6 డీజిల్ బండి, పొగ గొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. దానికి బూడిద తక్కువ వదిలే ఆయిల్ కావాలి, లేకపోతే ఆ ఫిల్టర్ పూడుకుపోతుంది. అందుకే వాళ్ళ కంపెనీ పుస్తకంలో అలాంటి ఆయిల్ రాసి ఉంటుంది. నా బండికి డీపీఎఫ్ లేదు. వాడి ఆయిల్‌కి వాడు పెట్టే డబ్బులో కొంత ఆ గుణానికే పోతుంది, నాకు దానితో పని లేదు.

ఇక ఆ అంకెల సంగతి. డబ్ల్యూకి ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. 15డబ్ల్యూ ఆయిల్‌తో ఇంజిన్ తిరుగుతుందా లేదా అన్న పరీక్ష మైనస్ 20 డిగ్రీల దగ్గర చేస్తారు, 5డబ్ల్యూకి మైనస్ 30 దగ్గర. కోనసీమలో సంక్రాంతి తెల్లవారుజామున భోగి మంట దగ్గర వణికినా మనం సున్నాకి చాలా పైనే ఉంటాం. రెండో అంకె 100 డిగ్రీల వేడిలో చిక్కదనం. అక్కడ 30 గ్రేడ్ ఆయిల్ 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి, 40 గ్రేడ్ 12.5 నుంచి 16.3 మధ్య. మే నెల ఎండలో, ఏసీ వేసుకుని, వెనక కొబ్బరి బస్తాలు పెట్టుకుని, ధాన్యం ట్రాక్టర్ వెనక రెండో గేర్లో పాకే పాత టర్బో ఇంజిన్‌కి ఆ 40 కావాలి. సింథటిక్ పోయించాలని మనసు లాగేస్తుంటే 5డబ్ల్యూ-40 చూసుకోండి. తెల్లారి స్టార్ట్ చేయగానే పైదాకా తొందరగా చేరుతుంది, టర్బో వేడికి కూడా బాగా ఆగుతుంది, అది నిజం. కాకపోతే ఖరీదు ఎక్కువ. నాలాగా తొందర తొందరగా ఆయిల్ మార్పించేవాడికి ఆ లెక్క కుదరదు.

దీనికి పూర్తిగా ఎదురు సలహా మన ఊళ్ళలోనే దొరుకుతుంది: పాత ఇంజిన్ కదా, 20డబ్ల్యూ-50 పోసేయండి, పొగ తగ్గుతుంది. పొగ తగ్గొచ్చు. రింగులు అరిగినా, వాల్వ్ సీళ్ళు పోయినా చిక్కటి ఆయిల్ దాన్ని కొన్నాళ్ళు కప్పిపెడుతుంది, అంతే. బండి అమ్మేవాడికి పనికొచ్చే సలహా అది. ఉంచుకునేవాడికి కాదు.

అంకెల కన్నా ముందు నేను చూసేది డబ్బా వెనక ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) కేటగిరీ, అంటే ఆయిల్ ఏ తరగతిదో చెప్పే గుర్తు. సీతో మొదలైతే డీజిల్, ఎస్‌తో మొదలైతే పెట్రోల్. ట్రాక్టర్లకి, చేపల చెరువుల మీద ఇంజిన్లకి పోసే చవక డబ్బాల మీద ఇంకా సీఎఫ్-4 కనిపిస్తుంది. 1990ల నాటి సరుకు అది, ఏపీఐ వాళ్ళే కాలం చెల్లినవాటి జాబితాలో వేశారు. 2002లో వచ్చిన సీఐ-4, పొగలో కొంత మళ్ళీ ఇంజిన్లోకే పంపే ఈజీఆర్ ఇంజిన్ల కోసం తయారైన కేటగిరీ. మసిని గడ్డ కట్టనివ్వకుండా తనలోనే పట్టి ఉంచే గుణం దానికి ఎక్కువ. రిములా ఆర్4 ఎక్స్ ఈ సీఐ-4 సరుకే. తర్వాత వచ్చిన సీకే-4 పోసినా పాత బండికి ఇబ్బంది లేదు, సీఐ-4 అడిగే ఇంజిన్లకు కూడా పనికొచ్చేలాగే దాన్ని తయారు చేశారు. మీ ఊళ్ళో రిములా దొరక్కపోతే కంగారు పడొద్దు. సర్వో, మాక్, హెచ్‌పీ, ఏదైనా సరే, డబ్బా మీద 15డబ్ల్యూ-40, సీఐ-4 లేదా ఆ పైది ఉందా అని చూసుకుని పోయించండి. బ్రాండ్ మీద నాకు పట్టుదల లేదు, ఆ రెండు విషయాల మీద ఉంది.

వాడకంలో ఎలా ఉందంటే, ఉదయం స్టార్ట్ చేయగానే వచ్చే టకటక చప్పుడు తొందరగా సర్దుకుంటోంది. ఆయిల్ లైటు వెంటనే ఆరిపోతోంది. కొద్దిగా తాగుతుంది, ఈ వయసు ఇంజిన్ తాగకపోతేనే ఆశ్చర్యం. ఆయిల్ దించేటప్పుడు మెకానిక్ పక్కనే నిలబడి చూస్తాను. వేడి మీద ధారగా దిగిపోతుంది, అడుగున ముద్దలు రావడం లేదు. ఫిల్‌క్యాప్ లోపల మీగడలాంటి తెల్ల పొర కూడా కనిపించలేదు. చిన్న చిన్న దూరాలు తిరిగే బండ్లలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కక తేమ లోపలే ఉండిపోయి ఆ పొర కడుతుంది. ఆ పొరతో పాటు రేడియేటర్లో నీళ్ళు కూడా తగ్గుతుంటే మాత్రం ఆయిల్ గురించి ఆలోచించడం ఆపి హెడ్ గ్యాస్కెట్ చూపించుకోండి.

ఒక అపోహ గురించి చెప్పి తీరాలి. "కొత్త ఆయిల్ పోసిన వారానికే నల్లబడిపోయింది, కల్తీ సరుకు" అంటారు. డీజిల్ ఇంజిన్లో ఆయిల్ నల్లబడటం అంటే మసిని పట్టుకుంటోందని అర్థం. ఎన్నాళ్ళకీ నల్లబడకపోతే అనుమానించాలి, ఆ మసి ఎక్కడ పేరుకుంటోందో అని. రంగు కాదు చూడాల్సింది. డిప్‌స్టిక్ మీది చుక్కని వేళ్ళ మధ్య రాయండి, గరుకు తగలకూడదు. వాసన చూడండి, డీజిల్ వాసన గుప్పుమనకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మట్టం పెరగకూడదు. ఆయిల్ తగ్గితే అందరూ భయపడతారు, పెరిగితే సంతోషిస్తారు. పెరిగిందంటే ఇంజెక్టర్ కారి డీజిల్ కలుస్తోందేమో అని చూపించుకోవాలి. పల్చబడిన ఆయిల్‌తో టర్బో నడిపితే ఎన్నాళ్ళుంటుంది? దాని ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, దాన్ని మోసేది ఆ పల్చటి ఆయిల్ పొరే. జాతీయ రహదారి 216 మీద రాజోలు నుంచి గట్టిగా తోలుకొచ్చి ఇంటి ముందు టక్కున ఆపేయకుండా ఒక నిమిషం ఐడిల్లో ఉంచమనేది కూడా అందుకే. ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా ఆ నిమిషానికి బదులు కాదు.

మార్చే గడువు విషయంలో నేను చాదస్తుడిని. పుస్తకంలో రాసిన కిలోమీటర్లు మామూలు వాడకానికి. అదే పుస్తకంలో దుమ్ము, చిన్న దూరాలు, ఎక్కువసేపు ఐడిల్లో ఉంచడం ఉంటే ముందుగానే మార్చమని ఇంకో చోట ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. మన వాడకం అచ్చంగా అదే. నేను దాదాపు సగానికే మార్పిస్తాను, బండి పెద్దగా తిరగకపోయినా ఏడాది దాటనివ్వను. ఫిల్టర్ ప్రతిసారీ కొత్తదే. ఆయిల్ మీద వేలు ఖర్చు పెట్టి ఫిల్టర్ దగ్గర "ఈసారికి కానీయండి" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

కల్తీ గురించి కూడా. ఖాళీ డబ్బాలు మంచి రేటుకి కొనుక్కుపోయే వాళ్ళుంటారు, ఎందుకో మీకు తెలుసు. మా దగ్గరి టౌన్‌లో ఒక కొట్టువాడు నాకిచ్చిన డబ్బాకి మూత కింద రేకు సీలు వంకరగా, అంచున గమ్ము మరకతో ఉంది. అక్కడే వెనక్కి ఇచ్చేశాను. "కంపెనీ నుంచే అలా వస్తున్నాయండి" అన్నాడు. అప్పటినుంచి బిల్లు ఇచ్చే డీలర్ దగ్గర తప్ప కొనను. వాడేశాక డబ్బాకి మేకుతో కన్నం పెట్టి పారేస్తాను. మీరూ పెట్టండి.

ఇప్పుడు అసలు సంగతి, వెనక హౌసింగ్.

చాకలిపాలెం, కనకాయలంక మధ్య కాజ్‌వే చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. గోదావరి కాస్త పొంగితే చాలు, అది మునుగుతుంది. నీళ్ళు తీసే రోజుల్లో, ఇంకా మోకాలి లోతు పారుతుండగానే బండ్లు దిగిపోతాయి. వరద ఎక్కువుంటే దిగొద్దు, అది వేరే మాట. కానీ చక్రం సగం మునిగే నీళ్ళలో కూడా ఒకటి జరుగుతుంది. బాగా తిరిగి వచ్చిన హౌసింగ్ వేడిగా ఉంటుంది. చల్లటి నీళ్ళలో దిగగానే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. ఆ లాగుడుకి పైనున్న, గాలి ఆడే చిన్న బ్రీదర్ గుండానో, అరిగిన సీళ్ళ పక్కనుంచో నీళ్ళు లోపలికి చేరతాయి. బయటికి ఏమీ తెలియదు. చప్పుడు రాదు, లైటు వెలగదు. బేరింగులు తుప్పు పట్టి, లోపలి గేర్ల జత క్రౌన్ పినియన్ ఊళ పెట్టడం మొదలెట్టేసరికి ఆయిల్‌తో అయ్యే పని దాటిపోతుంది.

2022 జూలై వరద తర్వాత మా మెకానిక్ షెడ్డులో వరసగా బండ్లు నిలబడ్డాయి. ఫిల్లర్ బోల్టు విప్పి, వేలు పెట్టి, బయటికి తీసి చూపించాడు. తేనె రంగులో, జిగటగా, గంధకం ఘాటుతో ఉండాల్సిన ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. "చూడండి బాబాయ్, ఇది మీ బండి కాదు లెండి. ఆ పక్క బొలెరోది. ఇంజిన్ ఆయిల్ మొన్ననే సింథటిక్ మార్పించాడండి ఆయన, ఆయ్!" అన్నాడు. ఆ వెటకారం మా వాళ్ళకి పుట్టుకతో వచ్చింది కానీ, మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం.

నీళ్ళలో దిగి వచ్చాక చేయించాల్సింది పెద్ద పనేమీ కాదు. బ్రీదర్ మట్టితో పూడుకుపోయిందేమో చూసి శుభ్రం చేయించాలి. ఫిల్లర్ బోల్టు విప్పించి వేలు పెట్టి చూడాలి. రంగు మారితే మొత్తం దించి కొత్తది పోయించాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులకి గ్రీజు నిపుల్స్ ఉంటే గన్నుతో కొత్త గ్రీజు కొట్టాలి, పాత గ్రీజుతో పాటు నీళ్ళు బయటికి కక్కేదాకా. నేను వరదల సీజన్ అయిపోగానే రంగు ఎలా ఉన్నా హౌసింగ్ ఆయిల్ మార్పించేస్తాను. సింథటిక్ ఇంజిన్ ఆయిల్ కొనకుండా మిగిల్చిన డబ్బు దీనికి సరిపోతుంది.

ఏ ఆయిల్ అన్నది ఇక్కడ ఇంజిన్ కన్నా ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. మనవైపు షెడ్డుల్లో "తొంభై నంబర్ ఆయిల్" అని ఒక పెద్ద డబ్బా ఉంటుంది, గేర్‌బాక్స్‌కి, హౌసింగ్‌కి అందులోంచే పోస్తారు. చిక్కదనం ఒకటే కావచ్చు, లోపలి మందు వేరు. హౌసింగ్‌లోని గేర్ల హైపాయిడ్ పళ్ళు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ తిరుగుతాయి కాబట్టి దానికి జీఎల్-5 తరగతి గేర్ ఆయిల్ కావాలి, అందులో గంధకం, భాస్వరం కలిసిన మందు పాళ్ళు ఎక్కువ. గేర్‌బాక్స్‌లో గేర్లు సాఫీగా పడేలా చూసే ఇత్తడి సింక్రో రింగులకి అదే మందు పడకపోవచ్చు, అందుకని చాలా పాత గేర్‌బాక్సులకి జీఎల్-4 అని రాస్తారు. నేను రెండింటికీ వేర్వేరుగా సీలున్న లీటరు డబ్బాల్లో 80డబ్ల్యూ-90 పట్టుకెళ్ళి ఇస్తాను. మెకానిక్ మొదట్లో మూతి ముడిచాడు. గేర్‌బాక్స్‌లో జీఎల్-4 పడ్డాక ఉదయం పూట రెండో గేర్ పడే తీరు చూసి మళ్ళీ ఏమీ అనలేదు.

బ్రేక్ ఆయిల్‌కి వస్తే, అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. దాని స్వభావమే అంత. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగిపోతుంది. డాట్ 4కి 230, 155. సముద్రానికి ఇంత దగ్గరలో, గాలి ఎప్పుడూ తడిగా ఉండే చోట అది ఎంత తొందరగా తేమ పడుతుందో ఆలోచించండి. బరువుతో ఉన్న బండిని మాటిమాటికీ తొక్కి ఆపుతుంటే ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. రెండేళ్ళకోసారి మొత్తం మార్చేయండి. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న బండ్లలో దానిక్కూడా ఇదే ఆయిల్, దాన్ని మాత్రం అందరూ మర్చిపోతారు. చిన్న సీసా కొనండి. సగం వాడి అటక మీద పెట్టిన సీసా మళ్ళీ వాడకండి, మూత బిగించినా సరే. డాట్ 5 అని ఉన్నది సిలికాన్ రకం, వీటితో కలపకూడదు. పోసేటప్పుడు ఒక చుక్క బానెట్ మీద పడితే వెంటనే నీళ్ళతో కడగండి, పెయింట్ లేచిపోతుంది.

పవర్ స్టీరింగ్ ఆయిల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మూత మీద ఏది రాసి ఉంటే అది, చాలా బండ్లకి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సులకి పోసే ఆయిల్). నల్లబడి మాడు వాసన వస్తే మార్చండి.

రేడియేటర్ మాత్రం మనవాళ్ళు ఘోరంగా చూస్తారు. ఎర్రటి ఎండలో బండి వేడెక్కితే పక్కనున్న కాలువలోంచి బకెట్ ముంచి పోసేస్తారు. కాలువలు కట్టేసిన రోజుల్లో అయితే బోరు నీళ్ళు. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు నోట్లో పోసుకోలేం, రేడియేటర్ మాత్రం తాగాలి. ఉప్పుకి తుప్పు, సున్నానికి గొట్టాల్లో పొర. పాత బండ్లలో వేడెక్కడానికి సగం కారణం అదే. ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్‌కి సమానంగా డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయండి, బ్యాటరీకి వాడే నీళ్ళే, చాలా బంకుల్లో దొరుకుతాయి. లేదా ముందే కలిపిన డబ్బా కొనండి. కూలెంట్ అంటే చలిదేశాల్లో గడ్డకట్టకుండా పోసేది, మనకెందుకు అంటారు కొందరు. సగం పాళ్ళలో కలిపితే మరిగే హద్దు పెరుగుతుంది, మూత బిగింపు ఒత్తిడితో ఇంకా పెరుగుతుంది, లోపల తుప్పు ఆగుతుంది. మనకి కావాల్సినవి అవే. పచ్చది, ఎర్రది అని రంగు చూసి కొనకండి, రంగుకి కంపెనీల మధ్య కట్టుబాటు లేదు. లోపల ఏది ఉందో తెలియకపోతే మొత్తం దించి, శుభ్రంగా కడిగించి, ఒకటే రకం పోయండి. వేడి మీద మూత విప్పొద్దని మళ్ళీ చెప్పాలా? చెబుతున్నాను, విప్పొద్దు.

ఇంజిన్ ఆయిల్లో కలపమని కౌంటర్ మీద పెట్టే చిన్న సీసాలు, మైలేజీ పెంచే మందులు, "ఇంజిన్ ట్రీట్‌మెంట్" ఏవీ నేను కొనలేదు, కొనను. సీఐ-4 ఆయిల్లో ఏ మందు ఎంత పాళ్ళలో ఉండాలో తయారుచేసినవాళ్ళే లెక్కకట్టి కలిపారు. కొట్టువాడు ఆ లెక్క మార్చాల్సిన పనిలేదు. మైలేజీ కావాలంటే టైర్లలో గాలి చూసుకోండి. ఖర్చు తగ్గాలంటే యానాం వెళ్ళినప్పుడు అక్కడ ట్యాంకు నింపుకోండి, మనవైపు అందరూ చేసేదే.

దించిన ఆయిల్ విషయం. మా మెకానిక్ డ్రమ్ములో పట్టి ఉంచుతాడు, సెంట్రింగ్ చెక్కలకి పూయడానికి పట్టుకెళ్ళేవాళ్ళుంటారు. ఇంటి దగ్గరే మార్చుకునేవాళ్ళు కొందరు కాలువలో పారబోస్తున్నారు. ఆ కాలువ నీళ్ళే దిగువ ఊళ్ళలో చెరువుకి పెట్టుకుని తాగుతారు. డబ్బాలో పట్టి ఏదో ఒక షెడ్డులో ఇచ్చేయండి.

రిములాకి ఐదుకి నాలుగున్నర. ఆ అర తగ్గించింది ఆయిల్‌లో లోపం ఉండి కాదు, ఇది అందరి బండ్లకీ పనికొచ్చేది కాదు కాబట్టి. పాత టర్బో డీజిల్‌కి, మన వాతావరణానికి, తొందరగా మార్చే అలవాటున్నవాడికి ఇది సరిపోతుంది. బీఎస్-6 బండి ఉన్నవాళ్ళు ఈ రివ్యూ చూసి పోయించుకోకూడదు. మేనల్లుడు ఈసారి వచ్చినప్పుడు వాడి బండిలో పోసే ఆయిల్ డబ్బా కూడా తెమ్మన్నాను, దాని వెనక ఏం రాసి ఉందో చూడాలి.